మంచుకొలనుకు ప్రయాణం

బదరీనాథ్ వెళ్ళే బస్సులు జోషీమఠ్ దాటాక గోవిందఘాట్ అనే చిన్న ఊరి మీదుగా పోతాయి. అక్కడ దిగి, అలకనంద మీది వంతెన దాటి, పక్కలోయలోకి తిరిగితే కొంతదూరం జీపులు పోయే బాట, ఆ తరవాత పది కిలోమీటర్ల కాలిబాట ఉన్నాయి. ఆ బాట ఘాంఘరియా అనే మజిలీకి చేరుస్తుంది. ఘాంఘరియాకు పైన, నాలుగువేల మీటర్లకు మించిన ఎత్తులో, ఏడు శిఖరాల నడుమ ఒక సరస్సు ఉన్నది. దాని పేరు హేమకుండం. మనకు హేమం అంటే బంగారం. అక్కడివాళ్ళు మాత్రం మంచుకొలను అనే అర్థంలోనే ఆ పేరు పలుకుతారు.

ఆ ఎత్తు ఎంతటిదో చెబుతాను. ఆంధ్రప్రదేశ్‌లోకెల్లా ఎత్తైన అర్మకొండ 1,700 మీటర్లు కూడా లేదు. గోవిందఘాట్‌లో బస్సు దిగేసరికే మనం దానికన్నా ఎత్తున ఉంటాము. ఘాంఘరియా 3,000 మీటర్లు దాటిపోతుంది. సరస్సు అక్కడికి మరో వెయ్యి మీటర్లకు పైన!

కొండ మీద అంత పెద్ద గిన్నెను ఎవరు తొలిచారు? మంచే తొలిచింది. కొండ ఒడిలో ఏళ్ళ తరబడి పేరుకున్న మంచు తన బరువుకు తానే మెల్లిగా కిందికి జారుతుంది. దాని అడుగున చిక్కుకున్న రాళ్ళు తిరగలిలాగా కొండను అరగదీస్తాయి. తరవాత మంచు కరిగిపోతే ఆ పల్లం నీటితో నిండుతుంది. శీతాకాలంలో ఈ సరస్సు గడ్డకడుతుంది. జూన్ మొదట్లో వెళ్ళినవాళ్ళకు ఇంకా మంచుపలకలు తేలుతూ కనిపిస్తాయి. నీరు 4 డిగ్రీల దగ్గిర అన్నిటికన్నా బరువుగా ఉంటుంది కనక ఆ నీరు అడుగుకు దిగుతుంది. అంతకన్నా చల్లని నీరు పైన నిలిచి గడ్డకడుతుంది. అందుకే సరస్సులు పైనుంచి కిందికి గడ్డకడతాయి గాని, కిందినుంచి పైకి కాదు.

సిక్కుల పదవ గురువు అయిన గురు గోవిందసింగ్ పూర్వజన్మలో తపస్సు చేసిన చోటు ఇదేనని సిక్కులు నమ్ముతారు. అందుచేత గట్టున ఒక గురుద్వారా ఉన్నది. పక్కనే లక్ష్మణుడి గుడి కూడా ఉన్నది. అయితే రాత్రిపూట అక్కడ ఎవరినీ ఉండనివ్వరు. మధ్యాహ్నం రెండు గంటలకల్లా అందరినీ దిగిపొమ్మంటారు. కనక ఘాంఘరియాలో బయలుదేరి, సరస్సు చూసి, అదే రోజు తిరిగి రావాలి.

నేను అంతకు ముందు ఒకసారి వెళ్ళివచ్చాను. ఆ సంగతి విని మా అక్క పిల్లలు తామూ వస్తామని పట్టుబట్టారు. పెద్దవాడు తొమ్మిదో తరగతి, చిన్నది ఏడో తరగతి. ఆ యేడు దసరా సెలవులు సెప్టెంబరు చివర వచ్చాయి. ఇది మంచి అదను. జూలై, ఆగస్టులలో పూలు విరగబూస్తాయి గాని, వానలకు కొండచరియలు విరిగి దారులు మూసుకుపోతుంటాయి. 2013 జూన్‌లో వచ్చిన వరద ఈ లోయలో వంతెనలనూ, బాటనూ, ఇళ్ళనూ కూడా ఊడ్చుకుపోయింది. అక్టోబరులో పది పన్నెండు రోజులు గడిచేసరికి మంచు మొదలై గురుద్వారా మూసేస్తారు.

“ఘాంఘరియా నుంచి ఆరు కిలోమీటర్లే కదా, మామయ్యా! గంటకు నాలుగు కిలోమీటర్లు నడిస్తే గంటన్నర. పొద్దున ఫలహారం చేసి తీరిగ్గా బయలుదేరవచ్చు,” అన్నాడు పెద్దవాడు.

“అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు ఎక్కాం. మాకేమన్నా కొత్తా?” అన్నది చిన్నది.

వాడి లెక్కలో పొరపాటు లేదు. కాని అది చదునునేల లెక్క. 1892లో స్కాట్లండుకు చెందిన విలియం నైస్మిత్ అనే ఆయన కొండదారులకు వేరే లెక్క కట్టాడు: అయిదు కిలోమీటర్ల దూరానికి ఒక గంట, అది కాక, పైకి ఎక్కే ప్రతి 600 మీటర్లకూ మరో గంట. ఈ లెక్కనే ఇప్పటికీ కొండలెక్కేవాళ్ళు వాడతారు. చిన్నదాని చేతికి పెన్సిలిచ్చాను. ఆరు కిలోమీటర్లకు గంటా పన్నెండు నిమిషాలు. ఎక్కవలసింది, లెక్క సులువుగా ఉండటానికి, 1,200 మీటర్లు అనుకున్నాము. దానికి రెండు గంటలు. మొత్తం మూడు గంటల పన్నెండు నిమిషాలు.

“ఇది ఆగకుండా నడిచే గట్టివాళ్ళకు. దీనికి గాలి కలపాలి,” అన్నాను.

“గాలి కలపటమేమిటి?”

గాలిలో ప్రాణవాయువు ఎక్కడైనా నూటికి 21 పాళ్ళే. కాని ఎత్తుకు పోయినకొద్దీ గాలే పలచబడుతుంది. సముద్రమట్టాన ఉండే ఒత్తిడిలో ఘాంఘరియా దగ్గిర నూటికి డెబ్భై వంతులు, సరస్సు దగ్గిర సుమారు అరవై వంతులు మాత్రమే మిగులుతుంది. అంటే అక్కడ ఒక్కొక్క ఊపిరికీ మనకు అందే ప్రాణవాయువు మనింట్లో అందేదానిలో మూడింట రెండు వంతులు కూడా ఉండదు. తిరుమల మెట్ల మీద కాళ్ళు అలిసిపోతాయి. ఇక్కడ కాళ్ళు బాగానే ఉంటాయి, ఊపిరి చాలదు. శరీరం దీనికి అలవాటు పడగలదు. అయితే దానికి రోజులు కావాలి, తొందరపెడితే వినదు.

గోవిందఘాట్ నుంచి హేమకుండానికి 12.4 కిలోమీటర్ల తాడుమార్గం వెయ్యటానికి కేంద్ర ప్రభుత్వం 2025 మార్చిలో అనుమతి ఇచ్చింది. నడవలేని ముసలివాళ్ళకు అది మేలే. కాని రోజులు పట్టే ఎత్తుకు గంటలో చేరినా, ఊపిరితిత్తులకు పట్టే వ్యవధి మాత్రం తగ్గదు.

అన్నీ కలిపి ఎక్కటానికి అయిదు గంటలు, దిగటానికి మూడు గంటలు వేసుకున్నాము. ఉదయం అయిదున్నరకు బయలుదేరితే పదిన్నరకు సరస్సు. ఒక గంట అటూ ఇటూ అయినా పదకొండున్నర. ఆ వేళకు ఎక్కడ ఉంటే అక్కడినుంచి వెనక్కు తిరగాలి. సరస్సు కళ్ళకు కనబడుతున్నా సరే! ఎందుకంటే పగటి ఎండకు లోయలో గాలి వేడెక్కి, వాలు వెంబడి పైకి పాకి, చల్లబడి మబ్బవుతుంది. మధ్యాహ్నం దాటితే కొండ మీద ఏ క్షణాన ఏమవుతుందో చెప్పలేము.

“కనబడుతుంటే తిరిగిపోవటమా?” అన్నాడు పెద్దవాడు. వాడికి ఇది ఎంతమాత్రం నచ్చలేదు.

“అందుకే ఇప్పుడు రాయించుకుంటున్నా. అక్కడికి పోయాక నువ్వూ ఒప్పుకోవు, నేనూ ఒప్పుకోను,” అన్నాను.

చిన్నది తన నోటు పుస్తకంలో పదకొండున్నర అని రాసి చుట్టూ గీత గీసింది. దాని కింద మరి రెండు షరతులు రాయించాను. ఎవరికైనా తలనొప్పి, వికారం, తల తిరగటం కలిగితే వెంటనే చెప్పాలి; అది తగ్గకపోతే కిందికి దిగాలి. ఎత్తు వల్ల వచ్చే జబ్బుకు అసలు మందు దిగటమే. రెండవది, ఎవరూ ఒంటరిగా దిగకూడదు, ఎవరూ ఒంటరిగా దారిలో కూచోకూడదు. ఇవి కాక, వానకు ఒక రోజు, ఒంటికి ఒక రోజు అని రెండు రోజులు ఖాళీగా ఉంచి, ఆ ప్రకారమే రైలు టిక్కెట్లు కొన్నాము. మా అక్క పిల్లలిద్దరినీ డాక్టరుకు చూపించింది.

సామాను సంగతి త్వరగానే తేలింది. వెయ్యి మీటర్లు ఎక్కితే చలి ఆరేడు డిగ్రీలు పెరుగుతుంది కనక ఉన్ని బనియను, స్వెట్టరు, వానకోటు. నూలుబట్ట తడిస్తే త్వరగా ఆరదు, ఒంట్లో వేడిని లాగేస్తుంది. బూట్లు నెలరోజుల ముందే కొని రోజూ బడికి తొడుక్కుపొమ్మన్నాను. మనిషికొక నీళ్ళసీసా, ఒక ఈల. కొండల్లో ఆపదలో ఉన్నవాళ్ళు నిమిషంలో ఆరుసార్లు ఈల వేసి, ఒక నిమిషం ఆగి, మళ్ళీ వేస్తారు. విన్నవాళ్ళు నిమిషానికి మూడుసార్లు వేసి బదులిస్తారు. మా అక్క వేరుశనగ ఉండలు డబ్బా నిండా చేసింది. వాటిలో సగం రైల్లోనే అయిపోయాయి.

ఘాంఘరియాలో ఒకరోజు పూలలోయకు నెమ్మదిగా నడిచివచ్చాము. 1931లో కామెట్ శిఖరం ఎక్కి దిగుతూ ఫ్రాంక్ స్మైత్ అనే ఆంగ్లేయుడు తోటివాళ్ళతో ఈ లోయలోకి వచ్చి, ఆ పూలు చూసి ఆశ్చర్యపోయాడు. ఆయన రాసిన పుస్తకంతో దానికి పేరు వచ్చింది. 2005లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలాలలో చేర్చింది. మేము వెళ్ళేసరికి పూలు చాలావరకు అయిపోయి ఆకులు రంగు మారుతున్నాయి. అయినా ఆ రోజు మాకు కావలసింది పూలు కాదు, ఎత్తు అలవాటు కావటం.

మర్నాడు అయిదున్నరకు మసకవెలుతురులో బయలుదేరాము. మొదట భూర్జవృక్షాలు. పూర్వం తాటాకుల మాదిరిగా ఈ చెట్టు బెరడు మీద గ్రంథాలు రాసేవారు. కొంతదూరం పోయాక చెట్లు పొట్టివై, ఆ తరవాత బొత్తిగా లేవు. ఎదురుగా కంచరగాడిదలు వచ్చినప్పుడల్లా మేము కొండవైపుకు ఒదిగి నిలబడ్డాము. లోయవైపు నిలబడితే వాటి మూటలు తగిలి పడిపోయే ప్రమాదం ఉన్నది.

తొమ్మిది గంటల వేళ కూచుని డబ్బా తెరిచాము. చిన్నది వేరుశనగ ఉండ వద్దన్నది. ఇంట్లో దాని దగ్గిర దాచవలసిన వస్తువు అది!

“ఏమే, తలనొప్పిగా ఉన్నదా?” అని అడిగాను.

“కొంచెమే, మామయ్యా. నడవగలను.”

“ఎప్పటినుంచి?”

అది జవాబు చెప్పలేదు. వాళ్ళ అన్న తల వంచుకుని, “చెట్లు అయిపోయిన దగ్గిరినుంచి. చెప్పొద్దన్నది,” అన్నాడు.

అరగంట కూచోబెట్టి, నీళ్ళు తాగించాను. తలనొప్పి తగ్గలేదు, పైగా వికారం మొదలయింది. పైన గురుద్వారా జెండా గాలిలో ఆడుతూ కనిపిస్తున్నది. అది ఏడ్చింది. “నావల్ల ఎవరూ చూడకుండా పోవద్దు,” అన్నది. అది నిజంగా కష్టమైన ఘడియ. కాని నోటు పుస్తకం దాని సంచిలోనే ఉన్నది. అక్కా, మేనల్లుడూ పైకి వెళ్ళారు, నేను చిన్నదాన్ని తీసుకుని దిగాను. చెట్ల మధ్యకు వచ్చేసరికి దాని ముఖం తేటపడింది. ఘాంఘరియా చేరి రెండు గంటలు నిద్రపోయి, లేచి, “అన్నం ఉందా?” అని అడిగింది.

ఒంటికని ఉంచిన రోజు దానికి విశ్రాంతి అయింది. వాన రాలేదు కనక వానరోజు మిగిలింది. ఆ రోజు నేనూ అదీ మళ్ళీ బయలుదేరాము. ఈసారి వంద అడుగులు వెయ్యటం, ఆగి పది ఊపిరులు తీసుకోవటం. అడుగులు అదే లెక్కపెట్టింది. చివర బాట రెండుగా చీలుతుంది: వెయ్యికి పైగా మెట్లున్న దగ్గిరిదారి, వంకరలు తిరిగే చుట్టుదారి. చుట్టుదారి పట్టాము. పది గంటల యాభై నిమిషాలకు కూడా సరస్సు జాడ లేదు. అది గడియారం వంక చూసి, నా వంక చూసి, మాట్లాడకుండా లెక్కపెడుతూనే ఉన్నది.

దారి పక్క బండల సందుల్లో బ్రహ్మకమలాలు కనిపించాయి. మన పెరళ్ళలో రాత్రిపూట పూసి తెల్లారేసరికి వాడే పువ్వును కూడా మనం బ్రహ్మకమలం అంటాము గాని, అది మధ్య అమెరికా నుంచి వచ్చిన కాక్టస్ జాతి మొక్క. ఇది వేరు. ఉత్తరాఖండ్ రాష్ట్రపుష్పం. లేతపసుపు కాగితంలాంటి రేకులు పువ్వును డొప్పలాగా కప్పి చలినుంచి కాపాడతాయి. నిజానికి అవి రేకులు కావు, ఆకులే. లోపల ముదురు ఊదారంగు పూలగుత్తి ఉంటుంది. చిన్నది వంగి వాసన చూసింది, కొయ్యలేదు.

పదకొండు గంటల పది నిమిషాలకు గట్టు ఎక్కాము. నీరు కదలకుండా ఉన్నది. కొండల మీది మంచు అందులో తలకిందులుగా కనిపిస్తున్నది. చిన్నది చెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది. గురుద్వారాలో వచ్చినవాళ్ళందరికీ కిచిడీ, టీ పెడతారు. మేమూ వరసలో కూచున్నాము. టీ సెగలు కక్కుతున్నా నోరు కాలలేదు. అంత ఎత్తున నీరు సుమారు 86 డిగ్రీలకే మరుగుతుందని చెబితే, అది నోటు పుస్తకం తీసి మేము చేరిన వేళ కింద ఆ సంగతి కూడా రాసుకున్నది.

పన్నెండున్నరకు లేచాము. అప్పటికి లోయలో మొదటి మబ్బు పైకి పాకుతున్నది.