ఏటి ఒడ్డున ఒక రాత్రి

హోసూరు దగ్గర ఒక పల్లె బడిలో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసిన మాస్టారు, అమెరికాలో ఆరిగన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండు నగరానికి కొడుకును చూడటానికి వెళ్ళారు. వెళ్ళి నెల దాటినా కొడుకుతో తీరికగా కూర్చుని మాట్లాడింది లేదు. అతడు పొద్దున పోతే రాత్రికి వచ్చేవాడు. జూన్ నెల చివర ఒక శుక్రవారం నాడు, "నాయనా, రెండు రోజులు అడవిలో ఉండి వద్దాం" అన్నాడు. మనవడు అప్పటికే గుడారాన్ని కారులో పెట్టేశాడు.

నాలుగు గంటలకు పైగా ప్రయాణం చేసి డెషూట్స్ జాతీయ వనంలో ఫాల్ అనే చిన్న నది ఒడ్డుకు చేరారు. అమెరికా అటవీశాఖ 1905లో ఏర్పడింది. దాని ఏలుబడిలో 154 జాతీయ వనాలున్నాయి. వాటిలో నదుల వెంట, సరస్సుల వెంట ఇటువంటి విడిది చోట్లు వేల సంఖ్యలో ఉన్నాయి. విడిది అంటే మేడలు కావు. చెట్ల నడుమ చదును చేసిన కాస్త నేల, ఒక బల్ల, నిప్పు వేసుకోవడానికి ఇనుప కట్టు, దూరంగా గోతి మరుగుదొడ్డి. అంతే. కరెంటు లేదు, కొళాయి లేదు. హోటలు గది అద్దెలో చిన్న వంతు చెల్లిస్తే చాలు.

ఆ డబ్బు తీసుకునే మనిషి కూడా లేకపోవడం మాస్టారికి వింతగా తోచింది. దారి మొదట్లో ఒక పెట్టెలో కవర్లు ఉంటాయి. కవరులో డబ్బు పెట్టి, దాని చివరి ముక్క చింపి మన చోటు దగ్గరి కంబానికి తగిలించి, కవరును నేలలో పాతిన ఇనుప గొట్టంలో వేయాలి.

"ఎవరైనా వేయకపోతే?" అని అడిగారు మాస్టారు.

"ఎందుకు వేయరు తాతా?" అన్నాడు మనవడు.

మాస్టారు ఒకప్పుడు తమ బడిలో బలపాలూ పెన్సిళ్ళూ ఇలాగే ఒక పెట్టెలో పెట్టి చూశారు. మొదటి నెల లెక్క సరిపోయింది. రెండో నెల సరిపోలేదు. ఆ సంగతి ఆయన మనవడికి చెప్పలేదు.

ఫాల్ నది వానలకు పొంగే ఏరు కాదు. కొండల మీద కరిగిన మంచు అగ్నిపర్వత శిలల్లోకి ఇంకి, నేల లోపలే చాలా దూరం ప్రయాణించి, ఇక్కడ ఊటలై పైకి వస్తుంది. అందుకే ఎండాకాలంలో కూడా వేళ్ళు కొంకర్లు పోయేంత చల్లన. అడుగున ఉన్న గులకరాళ్ళను లెక్కపెట్టవచ్చు. అంత తేట నీటిని కూడా కాచకుండా తాగకూడదన్నాడు కొడుకు. గిన్నెలు తోమడానికి మాస్టారు ఏటిలో దిగబోతే మనవడు చేయి పట్టుకుని ఆపాడు. సబ్బునీళ్ళు ఏటికి అరవై మీటర్ల ఎడంగా పారబోయాలట. చిన్ననాడు దక్షిణ పినాకినిలో ఈదిన మనిషి ఆయన. అదే నది హోసూరు దగ్గర కెలవరపల్లి ఆనకట్ట కింద తెల్లగా నురగలు కక్కుతూ పోవడం కూడా కళ్ళారా చూశారు. మారుమాట లేకుండా గిన్నెలెత్తుకుని చెట్ల మధ్యకు నడిచారు.

చీకటి పడగానే చలి కమ్ముకుంది. చుట్టూ పాండరోసా పైన్ చెట్లు. ఎండకు కాగిన వాటి బెరడు దగ్గర ముక్కు పెడితే బెల్లం పాకం వాసన వేస్తుంది. కొడుకు నెగడు వేశాడు. రాగిసంకటి మొదలు అమ్ముకున్న ఎద్దుల దాకా ఊరి కబుర్లన్నీ దొర్లాయి. మనవడు నిద్రపోయాక కొడుకు మంట వైపే చూస్తూ అన్నాడు.

"అమ్మ పోయినప్పుడు నేను రాలేకపోయాను నాయనా."

అది 2020. విమానాలు ఆగిపోయిన కాలం.

"తెలుసు అబ్బయ్యా" అన్నారు మాస్టారు. కాసేపటికి, "నీ గొంతు ఫోనులో విన్నది. అది చాలునన్నది" అన్నారు. ఆ మాట చెప్పడానికి ఆయనకు ఇన్నేళ్ళు పట్టింది.

కొడుకు ఒక సీసా నీళ్ళు నిప్పు మీద పోసి, పొగ అణగగానే గుడారంలోకి వెళ్ళాడు.

నడిరాత్రి గాలి లేచింది. మాస్టారికి మెలకువ వచ్చింది. ఆయన తల్లి ప్రతి రాత్రీ పొయ్యిలోని నిప్పును నివురుతో కప్పి, తెల్లవారి దానితోనే పొయ్యి రాజేసేది. పైన తడిసిన బూడిద కింద ఏముంటుందో ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు. పుల్లతో కెలికితే ఎర్రగా కళ్ళు తెరిచింది. రెండు నిప్పురవ్వలు గాలికి లేచి, ఎండుటాకులు పరుచుకున్న నేల వైపు పోయాయి. మాస్టారు వాటిని చెప్పుకాలితో నలిపి కొడుకును పిలిచారు.

కొడుకు ఉలిక్కిపడి వచ్చాడు. ఏటి నుండి నాలుగు బకెట్లు మోశాడు. మాస్టారు కెలుకుతూ ఉంటే అతడు పోశాడు. 2017 సెప్టెంబరులో కొలంబియా నది లోయలో ఒక పదిహేనేళ్ళ కుర్రవాడు విసిరిన టపాకాయతో అంటుకున్న అడవి, 48 వేల ఎకరాలకు పైగా కాలింది. ఆ బూడిద పోర్ట్‌లాండులో తన కారు మీద కూడా రాలిందని మెల్లగా చెప్పాడు.

"చేత్తో తాకి చూడాలి నాన్నా. అక్కడ బోర్డు మీద రాసి ఉంది" అన్నాడు వెనుక నుండి మనవడు. వాడెప్పుడు లేచాడో ఎవరూ చూడలేదు.

కొడుకు మోకాళ్ళ మీద కూర్చుని, తడిబూడిదలో మణికట్టు దాకా చేయి పెట్టి అటూ ఇటూ వెతికాడు.

"చల్లగా ఉంది నాయనా" అన్నాడు.