హనుమాన్ జంక్షన్: సైకిలుబాట సంగతి

బెజవాడనుండి ఏలూరు పోవువారికి నడుమ తగులు కూడలి హనుమాన్ జంక్షన్. చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు పెద్దబాటను ఇచ్చట నూజివీడు, గుడివాడ దారులు కలియుచున్నవి. కూడలియందలి ఆంజనేయస్వామి యాలయమే యూరికి పేరు నిచ్చినది. నూజివీడు పేరు దాల్చిన రైలుస్టేషను సైతము నూజివీటగాక ఈ యూరిచెంతనే యుండుట క్రొత్తవారికి వింతగొల్పును. ఒకదిక్కున మామిడితోటల మెట్టసీమ, వేరొకదిక్కున కాలువనీటి వరిచేలు; రెంటి బేరసారములకును ఇది కూడలియే.

బడివేళ నిచ్చట నిలిచి చూచిన తల్లికి గుండె యదరక మానదు. బస్సులు, లారీలు, ఆటోలు, మోటారుసైకిళ్లు ఒకదానినొకటి త్రోసికొని పోవుచుండ, ఆ సందులలో పుస్తకాలసంచి తగిలించుకొన్న బాలికలు సైకిళ్లపై పోవలసియున్నది. అంచున మట్టిలోనికి దిగినచో చక్రము జారును. తారుపైకి ఎక్కినచో వెనుకనుండి హారను మ్రోగును. వారికని విడిచిన జాగా లేదు.

మన రాష్ట్రమున ‘బడికొస్తా’ యను పథకముక్రింద ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్లు పంచిరి. బీహారులో 2006లోనే తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్లిచ్చుట మొదలిడగా, బడి దూరమైన గ్రామములలో ఉన్నతపాఠశాలకు పోవు బాలికల సంఖ్య చక్కగా పెరిగినట్లు పరిశోధకులు తేల్చిరి. సైకిలు చదువునకు కాలుసేతులవంటిది. కాని దారి భయమైనప్పుడు ఆ సైకిలు వసారాలో తుప్పుపట్టును, పిల్ల బడిమానును.

అందుచే రద్దీబాటలలో సైకిళ్లకు ప్రత్యేకముగా గట్టుకట్టిన దారి వలయునని కొందరు కోరుచున్నారు. ఇది నేటి యూహ కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసువారు 1962లోనే సైకిలుబాటల నిర్మాణమునకు నియమములు వ్రాసి, వెడల్పు రెండు మీటర్లకు తగ్గరాదనిరి. హాలెండు దేశమున 1971లో నాలుగువందలకు పైగా పిల్లలు రోడ్లపై మరణింపగా, తల్లిదండ్రులు వీధులలో బైఠాయించి ప్రభుత్వమును కదలించిరి. నేడా దేశపు సైకిలుబాటలు లోకప్రసిద్ధములు.

ఎదురుమాట లేకపోలేదు. ఢిల్లీలో 2008లో అంబేద్కర్ నగరునుండి మూల్‌చంద్ వరకు బస్సులకును సైకిళ్లకును వేరు దారులు వేసిరి. తమకు చోటు తగ్గెనని కార్లవారు మొఱపెట్టిరి. 2016లో దానిని తొలగించిరి. హైదరాబాదున 2023 అక్టోబరు 1వ తేదీన ఔటర్ రింగురోడ్డు ప్రక్కన ఇరువదిమూడు కిలోమీటర్ల బాటను, సూర్యశక్తి ఫలకల కప్పుతో సహా, ప్రారంభించిరి. వ్యాయామమున కది మేలే. కాని బజారుకును బడికిని పోవువారి యవసరము వేరు.

మన కూడలిలో దుకాణదారులడుగు ప్రశ్నయు న్యాయమైనదే: సరకు దించు బండి యెచట నిలువవలెను? పండ్లబుట్ట పెట్టుకొని జీవించు స్త్రీ యెచటికి పోవలెను? వారి పొట్టగొట్టి వేసిన బాట నిలువదు. బుట్టలకు గుర్తించిన స్థలమును, సరకు దించుటకు నియమితవేళను ఏర్పరుపవలెను. మఱియు తెల్లగీత గీసినంతమాత్రాన అది సైకిలుబాట కానేరదు. కోతలనాడు రోడ్డంచున ధాన్య మారబోయుట మన సీమ యలవాటు. తక్కిననాళ్ల మోటారుబండ్లు నిలుపుదురు. కావున ఎత్తైన గట్టు కావలెను. మోటారుసైకిళ్లు దూరకుండ ముఖద్వారమున కంబములు పాతవలెను.

అన్నిటికంటె కఠినమైనది కూడలియే. బాట యెంత చక్కగా నున్నను మలుపుకడ తెగిపోవును. ప్రమాద మచ్చటనే పొంచియుండును. వేగము రెట్టింపైనచో తాకుడుబలము నాలుగురెట్లగును. కనుక మలుపులందు బండ్ల వేగము తగ్గించుటయే మొదటి పని.

ఇప్పుడొక యదను దొరకినది. దూరప్రయాణపు బండ్లకై ఊరి వెలుపల బైపాసు వేసిరి. పాతబాటలో కొంత యూరివారికే దక్కుచున్నది. ఆ దక్కినచోటు నిలుపుబండ్లపాలు కాకమునుపే పిల్లలకు పంచిపెట్టుట వివేకము. 2019లో సవరించిన మోటారువాహనముల చట్టము, పాదచారులకును యంత్రములేని బండ్లకును తగు నియమములు చేయు నధికారము రాష్ట్రప్రభుత్వమునకే యిచ్చినది.

సోదరీమణులారా! పొయ్యికడనుండి పిల్ల రాకకై వాకిలివైపు చూచుచుండువారము మనమే గదా. గ్రామసభకు పోయి మాటలాడు హక్కు మనకును గలదు. ఏ వేళ నెందరు పిల్లలు ఏ మలుపు దాటుచున్నారో ఒక వారము లెక్కవ్రాసి, ఆ కాగితముతో సభకు పోవుదము. కన్నీటికన్న లెక్క యధికారులకు త్వరగా నర్థమగునని మా యభిప్రాయము.