వేటపాలెంలో ఒక పూట

అద్దాల హోటళ్ళంటే నాకు మొదటినుంచీ బెరుకే. తినే పదార్థం కన్నా కూర్చునే కుర్చీకే ఎక్కువ ఇచ్చుకుంటున్నామేమోనని అనుమానం. మొన్న సెలవులలో పిల్లల పోరు పడలేక రామాపురం సముద్రపుటొడ్డున ఒక రిసార్టులో దిగాము. సాయంత్రం గాజుగిన్నెలో వేయించిన జీడిపప్పు తెచ్చిపెట్టారు. లెక్కపెడితే పద్దెనిమిది! బిల్లు చూసి మా ఆవిడ నోట మాట లేదు.

మర్నాడు పక్కనే ఉన్న వేటపాలెం వెళ్ళాము. ఆ ఊరు నాకు కొత్త కాదు. 1918లో వెలసిన సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత పత్రికలు తిరగేసిన రోజులున్నాయి. దాని భవనానికి 1929లో శంకుస్థాపన చేసింది గాంధీజీ. ఈసారి మాత్రం మా ఆవిడ నన్ను అటు వెళ్ళనివ్వలేదు. తిన్నగా జీడిపప్పు దుకాణానికే.

సోఫాలు లేవు, చల్లని గాలీ లేదు. పళ్ళాలలో గుండు, బద్ద, ముక్క, దేని ధర దానిది.

"320 రకమంటే పౌనుకు దాదాపు అన్ని పప్పులు తూగుతాయి మాస్టారూ. అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది. పాయసానికైతే గుండెందుకమ్మగారూ, బద్ద చాలు!" అన్నాడు వర్తకుడు. చవక సరుకు కొనమనే మనిషిని నేను ఏ పెద్ద షాపులోనూ చూడలేదు.

వెనుక వసారాలో ఒక ముసలమ్మ కాల్చిన గింజలు కొడుతోంది. జీడిపెంకులోని నూనె చర్మాన్ని కాలుస్తుంది. బూడిద అద్దుకున్నా ఆమె వేళ్ళు నల్లబడే ఉన్నాయి.

"మండదా మామ్మా?" అంది మా అమ్మాయి.

"మొదట్లో మండేదమ్మా."

కొత్తిమీర కట్ట దగ్గర కూడా బేరమాడే మా ఆవిడ, ఆ పూట చెప్పిన ధర ఇచ్చి పొట్లం అందుకుంది.