ఒక్కరే కూర్చునే విమానం

ఫుట్‌బాల్ అనగానే మనకు కాలితో తన్నే బంతియాట స్ఫురిస్తుంది. అమెరికావారి ఫుట్‌బాల్ వేరు. కోడిగ్రుడ్డు ఆకారపు బంతిని చంకన ఇరికించుకొని పరుగెత్తేవాడొకడు, వాణ్ణి నేల కరిపించడానికి పదకొండుగురు. మన కబడ్డీకే అది దగ్గరి చుట్టమని నా అభిప్రాయం. ఆ ఆటలో పేరెన్నికగన్న టామ్ హార్మన్‌ను గురించి నాలుగు మాటలు వ్రాయాలని చాలకాలంగా అనుకొంటున్నాను.

1919లో ఇండియానా రాష్ట్రంలో పుట్టి, ఉక్కు కర్మాగారాల ఊరైన గేరీలో పెరిగాడు. మిషిగన్ విశ్వవిద్యాలయం జట్టులో అతని చొక్కామీది అంకె 98. 1940 సెప్టెంబరు 28న, సరిగ్గా తన ఇరువదియొకటవ పుట్టినరోజున, కాలిఫోర్నియా జట్టును చీల్చుకొని పోతూంటే, ప్రేక్షకుడొకడు చూస్తూ ఊరుకోలేక మైదానంలోకి దూకి అతణ్ణి పట్టబోయాడట! చిక్కితేనా? ఆ ఏటి చివరి ఆటలో ఒహాయో స్టేట్ జట్టు తన సొంతగడ్డమీదనే 40-0తో ఓడింది. ఓడినవారి అభిమానులే లేచి నిలిచి అతనికి కరతాళధ్వనులు చేశారు. అతని పరుగుకన్న ఆ జనుల సంస్కారమే నాకు గొప్పగా తోస్తుంది. ఆ ఏడే హైస్మన్ బహుమతి వచ్చింది. 1941లో వృత్తి క్రీడాకారుల ఎంపికలో చికాగో బేర్స్ జట్టు మొట్టమొదట కోరుకొన్నది ఇతణ్ణే. ఇతడు మాత్రం అందులో చేరలేదు. తన కథతో తీసిన సినిమాలో తానే నటించాడు.

ఇంతవరకు అదృష్టవంతుని కథ. తరువాత యుద్ధం.

సైనిక వైమానికదళంలో చేరి బాంబరు నడిపేవాడైనాడు. 1943 ఏప్రిల్‌లో దక్షిణ అమెరికా అడవులమీద ఆ విమానం తుపానులో చిక్కి కూలిపోయింది. తోటివారందరూ పోయారు. హార్మన్ ఒక్కడే చిత్తడినేలల్లో పడి నడిచి, అక్కడి ఆటవికుల పుణ్యాన బయటపడ్డాడు.

నా దగ్గర చదువుకొన్న పిల్లవాడొకడు వైమానికదళంలో చేరి తిరిగి రాలేదు. పరామర్శకు వెళితే వాళ్ళమ్మ నన్నొక్కటే అడిగింది. "మాస్టారూ, కూడా ఉన్నవాళ్ళు బతికారటండీ, మావాడే ఎందుకు పోయాడు?" వీరరసానికి దానవీరం, దయావీరం అంటూ నాలుగు భేదాలు పిల్లలచేత వల్లె వేయించిన నోరు ఆ తల్లిముందు పెగలలేదు. హార్మన్‌ను అదే ప్రశ్న తలక్రిందులుగా పీడించి ఉండాలి. తక్కినవాళ్ళు పోయి నేనెందుకు మిగిలాను?

అటుపిమ్మట అతడు బాంబరు వదలి పీ-38 యుద్ధవిమానానికి మారాడు. అది ఒక్కరే కూర్చునే విమానం. కూలితే తానొక్కడే. ఆ మార్పుకు కారణం ఇదేనని నేను ప్రమాణం చేయలేను గాని, చదివినప్పుడు మాత్రం నా మనస్సు అక్కడే ఆగిపోయింది.

ఆ విమానంతో చైనా చేరాడు. అక్కడి అమెరికన్ విమానాలకు పెట్రోలు మన అస్సాంనుండే హిమాలయాలమీదుగా చేరేది. 1943 అక్టోబరు 30న యాంగ్జీ నది ఒడ్డునున్న జియుజియాంగ్ వద్ద జపానువారితో పోరులో ఇతని విమానం మంటలంటుకొన్నది. కాళ్ళు కాలాయి. పారాచ్యూట్‌తో దూకాడు. చైనా గెరిల్లాలు దాచి, నెలరోజులపాటు శత్రువుల మధ్యనుండి నడిపించి దాటించారు. సిల్వర్ స్టార్, పర్పుల్ హార్ట్ పతకాలు వచ్చాయి. ఆ గెరిల్లాల పేర్లు మాత్రం ఎవరికి తెలుసు?

1944లో నటి ఎలిస్ నాక్స్‌ను పెండ్లాడాడు. వధువు తొడిగిన దుస్తులు పారాచ్యూట్ పట్టుతో కుట్టినవి! మన ఇళ్ళలోనైతే అటువంటి గుడ్డను అశుభమని తాకనిచ్చేవారు కాదు.

1946, 47 సంవత్సరాలలో లాస్ ఏంజెలిస్ రామ్స్ జట్టులో ఆడాడు. కాలిన కాళ్ళు మునుపటి పరుగు పరుగెత్తలేదు. ఆపైన ఆటల వ్యాఖ్యాతగా స్థిరపడ్డాడు. కొడుకు మార్క్ హార్మన్ పేరుమోసిన నటుడు. 1990లో టామ్ గుండెపోటుతో పోయాడు. యుద్ధకాలపు అనుభవాలను 1944లోనే పుస్తకంగా వెలువరించాడు. దాని పేరుకు మన మాటల్లో అర్థం, విమానం నడిపేవారూ దేవుణ్ణి ప్రార్థిస్తారని.