ఫిరంగివాని చెవులు

ఉపాధ్యాయుడనిన అర్జీలు వ్రాయువాడని మన పల్లెలలో నొక నమ్మకము గలదు. బడి విడిచి యింటికి వచ్చునప్పటికి ఎవరో యొకరు కాగితముల సంచితో అరుగుమీద కూర్చుండి యుందురు. రేషను కార్డు, పట్టాదారు పుస్తకము, వృద్ధాప్యపు పింఛను, ఇవి మాకు కంఠస్థములు. గాని రెండేండ్ల క్రిందట మా చేతికి వచ్చిన యొక సంచి మేమెరుగని విద్య నేర్పినది. అది మా పొరుగున నివసించు విశ్రాంత హవల్దారుగారిది.

ఆయన 1982లో ఫిరంగిదళమున చేరి, 24 సంవత్సరములు కొలువు చేసి, 2006లో విడుదలయైరి. 1999లో కార్గిలు కొండలలో బోఫోర్సు ఫిరంగియొద్ద నున్నవారు. ఆ యుద్ధములో మన ఫిరంగిదళము 2,50,000కు పైగా గుండ్లను, రాకెట్లను ప్రయోగించినదని చెప్పుదురు. 155 మిల్లీమీటర్ల నోరుగల ఆ ఫిరంగి ప్రక్కన నిలుచువానికి ప్రతి గుండును చెవిలో నొక దెబ్బయే. లోచెవిలో నత్తగుల్లవలె చుట్టుకొనిన భాగమునందు వెండ్రుకలవంటి కొసలుగల సన్నని కణములు ఇంచుమించు 15,000 గలవు. ధ్వనిని నాడికి అందించునవి యవియే. 140 డెసిబెళ్లకు మించిన ప్రేలుడు ఒక్కటియే వాటిని చెరుపగలదు. తెగిన గోరు మొలచును, రాలిన జుట్టు మొలచును, మనుష్యుని చెవిలో ఆ కణములు మాత్రము మరల మొలవవు.

ఈ చెవుడు వింతయైనది. మొదట పోవునవి హెచ్చు శ్రుతిగల ధ్వనులు. అందుచేత అచ్చులు వినబడుచుండగనే హల్లులు జారిపోవును. తెలుగు చెప్పువారము గనుక ఈ సంగతి మమ్ము మిక్కిలి ఆకర్షించినది. క, త, ప లకును, స, శ లకును భేదము తెలియని చెవికి మన భాషలో మిగులునదేమి? ఒకనాడు ఆయన మనుమరాలు వంటయింటినుండి "తాతా, పాలు కావాలా?" అని యడుగగా, ఆయన "నా కాలికేమైందే, బాగానే ఉంది" అనిరి. అక్కడ నున్నవారమెల్లరము నవ్వితిమి, ఆయనయు నవ్విరి. మేము నవ్వుట చూచి ఆయన నవ్విరే గాని, ఎందులకు నవ్వితిమో ఆయనకు తెలియదు.

రాత్రులయందు మరియొక బాధ. ఊరు నిద్రించిన పిమ్మట ఆయన చెవులలో కీచురాయి కూసినట్లు మ్రోత మొదలగును. "ఫిరంగి ఎప్పుడో ఊరుకుంది మాస్టారూ, ఇది ఊరుకోలేదు" అని యొకసారి చెప్పిరి.

విడుదల సమయమున వైద్యుల బోర్డు ఆయన చెవుడు 20 శాతమని లెక్కకట్టినది. ఆ క్రింది పంక్తిలోనే, అది సేవవలన కలిగినది కాదు, సేవవలన హెచ్చినదియు కాదు అని వ్రాసినది. ఏలయన, ఆ లోపము మొదట కనుగొనబడినది శాంతిస్థావరములోనట! శాంతిస్థావరమున ఫిరంగులు మౌనవ్రతము పట్టునా? అభ్యాసమునకై పేల్చుట అక్కడనే గదా. ఆ పంక్తి చదివినప్పుడెల్ల మాకు కోపము వచ్చుచునే యున్నది.

ఆయనకు వర్తించునవి 1982 నాటి నియమములు. (2023 సెప్టెంబరు 21 తరువాత కొలువు విడిచినవారికి వేరు నియమములు వచ్చినవి.) ఆ పాత నియమముల ప్రకారము, చేరునప్పుడు కాగితముమీద ఏ లోపమును వ్రాయనిచో, ఆ సైనికుడు ఆరోగ్యవంతుడుగనే చేరెనని భావింపవలెను. ఋజువు చేయు భారము అతనిపై లేదు, సహేతుకమైన సందేహము కలిగినచో దాని ఫలము అతనికే చెందవలెను. 2013 జూలైలో సుప్రీముకోర్టు ధరంవీర్ సింగ్ వ్యాజ్యములో ఈ మాటనే స్థిరపరచినది. అతని వ్యాధి మూర్ఛయే గాని న్యాయమొక్కటే. 20 శాతమునకు తగ్గిన లోపమునకు సాధారణముగా ఏమియు రాదు. 20 ఉన్నచో దానిని 50గా లెక్కించుటకు వీలు గలదు. పూర్తి వైకల్యమునకు కడపటి జీతములో 30 శాతము గనుక, ఈయనకు 15 శాతము రావలెను. చిన్న మొత్తము కాదు. వినికిడి యంత్రము కొనుటకును, ఆ పిల్ల చదువునకును ఆసరా యగును.

మరి యిన్నేండ్లు ఏల అడుగలేదు? చెవిటివాని ముందు శంఖమూదినట్లు అను సామెత మన ఊళ్లలో ఎంత సులభముగా వాడుదురో చూడుడు. పటాలములో పేరు పొందినవాడు "నేను చెవిటివాడను" అని సంతకము పెట్టుటకు సిగ్గుపడెను. ఆ సిగ్గునకు వెల గలదు. ఆలస్యముగా వచ్చినవారికి వెనుకటి బాకీ సామాన్యముగా అర్జీకి ముందు మూడేండ్లకే పరిమితమని 2008లో సుప్రీముకోర్టు చెప్పియున్నది. తక్కిన ఏండ్ల సొమ్ము పోయినట్లే. మా విద్యార్థుల తండ్రులలో సైనికులు గలరు గనుక ఈ మాట ప్రత్యేకముగా వ్రాయుచున్నాము.

మొదటి అప్పీలు ఆలస్యమైనదని త్రిప్పి పంపబడినది. పిమ్మట 2007 చట్టముచే నేర్పడిన సాయుధ బలగముల ట్రిబ్యునలుకు పోవలసివచ్చెను. దానికి కావలసినది 1982 నాటి వైద్యపరీక్ష కాగితము. రేకుపెట్టెలో ఉన్నిచొక్కా క్రింద దానిని వెదకి తీసినది ఆ మనుమరాలే. రెండు చెవులకును ఎదుట "మామూలు" అని యున్నది. ఒకే ఫిరంగియొద్ద గుండ్లందించిన తమిళ మిత్రుడొకరు తన సాక్ష్యము వ్రాసి పంపిరి. ఆయనకును వినబడదట, అందుచే వారిద్దరును ఫోనులో మాటలాడరు, ఉత్తరములే వ్రాసికొందురు.

వచ్చు నెలలో వాయిదా. అక్కడ తన పేరు పిలిచినప్పుడు వినబడదేమో యని హవల్దారుగారికి దిగులుగా నున్నది. తొమ్మిదవ తరగతి చదువుచున్న మనుమరాలికి ఆ దినమున సెలవు కావలెనని నిన్న మాయొద్దకు వచ్చి అడిగిరి. పిలిచినప్పుడు ఆయన భుజము తట్టుట ఆమె పని. సెలవుచీటిమీద సంతకము చేసితిమి.