కీ ఇచ్చే వాచీ

నాకు ఉద్యోగం వచ్చిన రోజు నాన్నగారు తన హెచ్ఎంటీ జనతా వాచీ తీసి నా చేతికి పెట్టబోయారు. "రోజూ కీ ఎవరిస్తారు నాన్నా, ఇప్పుడంతా క్వార్ట్జే కదా" అన్నాను. ఆయన మారు మాట్లాడకుండా మళ్ళీ తన చేతికే పెట్టుకున్నారు.

మొన్న అపోలో 13 గురించి చదువుతుంటే ఇది గుర్తొచ్చింది. 1970 ఏప్రిల్‌లో ఆక్సిజన్ ట్యాంకు పేలాక కరెంటు మిగుల్చుకోడానికి కంప్యూటరుని ఆపేశారు. ఇంటిదారి సరిచేయాలంటే ఇంజను 14 సెకన్లు మండించాలి. ఆ 14 సెకన్లు లెక్కపెట్టింది జాక్ స్వైగర్ట్ చేతికున్న ఒమేగా స్పీడ్‌మాస్టర్. అదీ కీ ఇచ్చేదే!

వ్యోమగాముల వాచీ అంటే డాబు అనుకునేవాణ్ణి. కాదండీ. నాసా మూడు కంపెనీల వాచీలను 71 డిగ్రీల వేడిలో 48 గంటలు, ఆపైన 93 డిగ్రీల్లో అరగంట ఉంచింది. చలి, శూన్యం, కుదుపులు సరేసరి. 1965 మార్చిలో ఇదొక్కటే పాసయింది. పైన అద్దం కూడా గాజు కాదు, ప్లాస్టిక్కు. పగిలితే ముక్కలు గాల్లో తేలకూడదు కదా. (జనతాదీ ప్లాస్టిక్కే లెండి, అది వేరే సంగతి :)) 1969లో ఆర్మ్‌స్ట్రాంగైతే లూనార్ మాడ్యూల్లో టైమరు మొరాయించిందని తన వాచీని అక్కడే వదిలి చంద్రుడి మీద దిగాడు. మన భాషలో చెప్పాలంటే బ్యాకప్పు.

మా ఇంట్లోనూ ఒక రాత్రి అలాగే గడిచింది. 1996 నవంబరు 6, కోనసీమ తుపాను. అమలాపురం దగ్గర మా ఊళ్ళో కరెంటు లేదు, ఫోన్లు లేవు, రోడ్డు నిండా కొబ్బరిచెట్లు. పురిటికొచ్చిన అక్కకి నొప్పులు మొదలయ్యాయి. నాన్నగారు లాంతరు ముందు కూర్చుని, నొప్పికీ నొప్పికీ మధ్య ఎన్ని నిమిషాలో వాచీలో చూసి గోడ మీద బొగ్గుతో రాస్తున్నారు.

"ఏవండీ, ఎంతా?" అని అమ్మ లోపల్నించి కేక.

"ఏడు!"

కాసేపటికి "అయిదు!"

నాలుగు అనగానే నావైపు తిరిగి "ఒరేయ్, మంత్రసానమ్మని తీసుకురా" అన్నారు. ఆ గాలిలో చెట్ల మీంచి దూకుతూ ఎలా వెళ్ళానో నాకే తెలీదు.

మా మేనకోడలి జాతకంలో ఉన్న నిమిషం ఆ వాచీ చెప్పిందే.

నాన్నగారు పోయాక అది బీరువాలోనే ఉండిపోయింది. ఈ ఆదివారం తీసి కీ ఇచ్చి చెవి దగ్గర పెట్టుకున్నాను. నడుస్తోంది.