పాత యింటికి క్రొత్త ద్వారము

మన పాఠశాల పత్రికకు ఏదైన వ్యాసము వ్రాసి పంపుమని ప్రధానోపాధ్యాయులవారు కోరినప్పుడు, ఏమి వ్రాయవలెనో తోచక కొన్ని దినములు ఊరకుంటిని. నేను కవిని కాను, పండితుడను కాను. హోసూరు ప్రాంతమున పుట్టి, ఈ పాఠశాలలో తెలుగు మాధ్యమమున పదవ తరగతి వరకు చదివి, పిదప బెంగుళూరు చేరి కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయుచు జీవించుచున్నవాడను. కనుక నా వృత్తిలో నేను తిన్న యొక దెబ్బను గూర్చియే చెప్పెదను.

2014వ సంవత్సరమున సరిహద్దు ప్రాంతములోని యొక ఆసుపత్రి పని మా చేతికి వచ్చెను. అచ్చట రోగులు వేచియుండు చావళ్లలోను, వైద్యుల గదుల ముందరను మొత్తము 40 తెరలు ఉండెడివి. ఏ సంఖ్యవారు ఏ గదికి పోవలెనో, ఏ వైద్యుడు ఎప్పుడు వచ్చునో వానిపై తమిళము, తెలుగు, కన్నడము, ఆంగ్లము అను నాలుగు భాషలలో కనబడవలెను. ప్రతి తెరయు 5 సెకండ్లకొకసారి సర్వరును "క్రొత్త కబురేమైన కలదా?" అని అడుగుచుండెను. ఆకలిగొన్న పిల్లవాడు వంటయింటి గడపలో నిలిచి "అమ్మా, అన్నమైనదా?" అని మాటిమాటికి అడుగుట యెట్టిదో ఇదియు నట్టిదే. లెక్కవేసి చూడుడు: గంటకు 28,800 ప్రశ్నలు! వానిలో చాలవానికి "లేదు" అనుటయే జవాబు. ఉదయపు రద్దీవేళ సర్వరు ఈ ప్రశ్నలతోనే అలసిపోయి, రసీదులు వ్రాయువారి పనికి ఆలస్యము కలుగుచుండెను.

దీనికి మందు లేకపోలేదు. వెబ్‌సాకెట్ అను పద్ధతి 2011 డిసెంబరులో ప్రమాణముగా ప్రకటింపబడినది. అందు తెరకును సర్వరుకును నడుమ ఒక్కసారి సంబంధ మేర్పడినచో అది టెలిఫోను లైనువలె తెగక నిలిచియుండును. కబురు వచ్చినప్పుడు సర్వరే చెప్పును. అడుగవలసిన పని లేదు. జావా భాషలో వెబ్ ప్రోగ్రాములు వ్రాయువారికి ఆధారమైన స్ప్రింగ్ అను చట్రములో ఈ సౌకర్యము 2013 డిసెంబరున వెలువడిన 4.0 వెర్షనుతో వచ్చినది. కాని ఆసుపత్రిలోనిది స్ప్రింగ్ 3.0. దాని క్రింద జావా 6, టామ్‌క్యాట్ 6. ఇవి యేవియు వెబ్‌సాకెట్ పేరెరుగనివి.

అంతయు పెరికి క్రొత్తది నిలుపరాదా యని మీరడుగవచ్చును. నేనును ఆ మాటయే అంటిని. మా పెద్ద యింజనీరుగారు నవ్వి, "మందుల లెక్క, రక్తపరీక్షల లెక్క, రసీదుల లెక్క, అన్నియు ఆ పాత గోడలమీదనే నిలిచియున్నవి. గోడ కదలిన ఏది పడునో ముందు చెప్పగలవా? ఆసుపత్రిని ఒక్కదినము మూయగలవా?" అనిరి. నేను జవాబు చెప్పలేకపోతిని. అప్పుడు క్రొత్త వెర్షనులోని సౌకర్యమును పాత వెర్షనులోనికి తెచ్చి అమర్చుటకు నిశ్చయించితిమి. మా వృత్తిలో దీనిని బ్యాక్‌పోర్టు చేయుట అందురు. పాత యింటి గోడ పడకుండ క్రొత్త ద్వారము పెట్టుటవంటి పని యిది.

ముందుగా ప్రమాణ గ్రంథమును ఆద్యంతము చదివితిని. సంబంధము కోరు బ్రౌజరు ఒక తాళపుచెవి మాటను పంపును. సర్వరు దానికి ప్రమాణములో నియమింపబడిన 36 అక్షరముల మాటను చేర్చి, నిర్ణీతమైన గణితముతో మార్చి తిరిగి పంపవలెను. అది సరిపోయి, 101 అను అంగీకారసంఖ్య కూడ వచ్చినప్పుడే లైను నిలుచును. దీనిని జావా 6లో నాకు దొరకిన పనిముట్లతోనే వ్రాసి, పాత దారికి అడ్డము రాకుండ ప్రక్కన వేరొక పోర్టులో నిలిపితిని. 40 తెరలే గనుక తెరకొక్క త్రెడ్డు చాలినది. మరియొక జాగ్రత్త కూడ తీసికొంటిని. స్ప్రింగ్ 4.0లో ఈ పని చేయు భాగములకు ఏ పేర్లు కలవో నా భాగములకును అవియే పెట్టితిని. రేపు ఆసుపత్రివారు క్రొత్త వెర్షనుకు మారినప్పుడు నేను వ్రాసినది సులువుగ తీసివేయబడవలెనని నా ఉద్దేశము.

వారముపాటు పరీక్షించితిమి, ఒక్క తప్పును కనబడలేదు. సోమవారమున పని ప్రారంభమాయెను. గంట గడువకమునుపే చావడిలో ఒక ముసలమ్మ చేతిసంచి పట్టుకొని నా యొద్దకు వచ్చి, "నాయినా, పొద్దున్నించి ఆ పలకలో ఒకటే రాసుండాది, దాక్టరయ్య వెళ్లిపోయినాడని. నేను బస్సుకు పోతా" అనినది. తల యెత్తి చూచితిని. తెలుగు తెరపై ముందటి సాయంకాలపు కబురే నిలిచియుండెను. తమిళ, కన్నడ తెరలును అట్లే యుండెను. ఆంగ్లపు తెర యొక్కటి మాత్రము సరిగ నడచుచుండెను.

"అవ్వా, పోవద్దు, దాక్టరు వస్తాడు, కూర్చో" అని ఆమెను కూర్చుండబెట్టి లోనికి పరుగెత్తితిని. నర్సు కొట్టిన తెలుగు వాక్యమిది: "మూడవ గదికి వైద్యులు పదిన్నరకు వస్తారు. దయచేసి కూర్చోండి." ఆంగ్లాక్షరము ఒక్క బైటులో ఇముడును. మన అక్షరమునకు మూడు బైట్లు కావలెను. గుణింతపు గుర్తుకు మరి మూడు, వత్తును తెచ్చు పొల్లుకు మరి మూడు. కనుక ఆ వాక్యము 152 బైట్లాయెను. ఆంగ్లములో అదే కబురు 60 బైట్లకు లోపే ముగియును. వెబ్‌సాకెట్‌లో 125 బైట్ల వరకు పొడవును ఒక్క చోటనే వ్రాయుదురు; అంతకు మించినచో తరువాతి రెండు బైట్లలో వ్రాయుదురు. జావాలో బైటు 127 వరకే లెక్కించును. దానిని దాటిన సంఖ్య ఋణసంఖ్యగా మారును. ఆ సంగతి మరచి వ్రాసిన నా ప్రోగ్రాము 152ను మైనస్ 104గా చదివి, అంత పొడవు గల వాక్యము ఉండనేరదని లైను తెంచివేసినది.

దిద్దుబాటు ఒక్క పంక్తి. పావుగంటలో తెరలు నాలుగు భాషలలోను పలికినవి. పదిన్నరకు వైద్యుడు వచ్చెను. ఆ యవ్వ లోనికి పోవుట కన్నులార చూచితిని.

కాని నా మనస్సు కుదుటపడలేదు. ఆ వారమంతయు నేను కొట్టిన పరీక్షవాక్యములలో తెలుగు వాక్యము ఒక్కటియు లేదు! తెలుగు చదువరుల కొరకు పెట్టిన తెరను, తెలుగు బడిలో చదివిన నేను, ఆంగ్లములోనే పరీక్షించితిని. తప్పు జావాది కాదు, పాత స్ప్రింగ్‌ది కాదు. ఎవరికొరకు ద్వారము పెట్టుచున్నానో వారి కొలత తీసికొనకపోవుటయే తప్పు. ఆనాటినుండి నేను వ్రాయు ప్రతి ప్రోగ్రాముకు మొదటి పరీక్ష తెలుగు వాక్యమే.

2017లో ఆసుపత్రివారు క్రొత్త వెర్షనుకు మారిరి. నేను వ్రాసినదంతయు ఒక మధ్యాహ్నములో తీసివేయబడినది. తెరలు ఒక్క నిమిషమైనను ఆగలేదని తెలిసి సంతోషించితిని.

విద్యార్థులారా! మన భాష యీ చదువునకు అడ్డగునేమోయని మీ తలిదండ్రులు అప్పుడప్పుడు దిగులుపడుట నేనెరుగుదును. మా నాయనగారును పడిరి. వారికి ఈ కథను చదివి వినిపింపుడు. ఆంగ్లమును శ్రద్ధగ నేర్చుకొనుడు. ఆ ప్రమాణ గ్రంథము నేను చదివినది ఆంగ్లములోనే. కాని ఆ తెర ముందు చేతిసంచితో నిలిచిన యవ్వను మరువకుడు.